థైరాయిడ్, పోషక లోపాలు, లో బీపీ: మూడూ కలిసి వస్తే ఏది దేనికి కారణం?

థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ 7.8. హిమోగ్లోబిన్ 9.6. ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 8. బీ12 తక్కువ, డి విటమిన్ తక్కువ. ఇంట్లో మిషన్ మీద బీపీ చూస్తే 96/60. ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్ళే ల్యాబ్ ప్యాకేజీలు పెరిగాక ఇలాంటి రిపోర్టులు చాలామంది ఫోన్లలో కనిపిస్తున్నాయి. ఎర్ర అక్షరాల్లో ఉన్న అంకెలన్నీ ఒక్కసారే చూసేసరికి ఎవరికైనా టెన్షన్ వస్తుంది. ఆ వెంటనే ఇంట్లో ఎవరో ఒకరు అనే మాట, "అన్నీ ఆ థైరాయిడ్ వల్లే."

అందులో కొంత నిజం ఉంది. థైరాయిడ్ మందగిస్తే రక్తం తగ్గవచ్చు. అయితే ఒంట్లో ఐరన్ తగ్గినా థైరాయిడ్ మందగించవచ్చు. ఇక బీపీ సంగతికొస్తే, థైరాయిడ్ లోపం ఉన్నవాళ్ళలో బీపీ తగ్గడం కంటే కింది అంకె పెరగడమే ఎక్కువగా చూస్తాం. లో బీపీని కూడా తీసుకెళ్ళి థైరాయిడ్ ఖాతాలో వేసేయడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ప్రమాదకరమైన తొందరపాటు అని నా అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే మొదటి నుంచి రావాలి.

టీఎస్‌హెచ్ అంకె ఏం చెబుతుంది?

మెడ ముందు భాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి టీ4, టీ3 అనే రెండు హార్మోన్లు తయారుచేస్తుంది. పేర్లలోని అంకెలు వాటిలో ఉండే అయోడిన్ పరమాణువుల లెక్క. గ్రంథి నుంచి ఎక్కువగా వచ్చేది టీ4. అది శరీరంలో రకరకాల చోట్ల టీ3గా మారి పని చేస్తుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, పేగులు ఎంత చురుగ్గా కదలాలి, ఒంట్లో ఎంత వేడి పుట్టాలి అన్నది చాలావరకు దాని చేతిలోనే ఉంటుంది. అందుకే అది తగ్గితే నీరసం, చలి, మలబద్ధకం, పొడిబారిన చర్మం, జుట్టు రాలడం, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం వస్తాయి.

టీఎస్‌హెచ్ మాత్రం థైరాయిడ్‌లో పుట్టేది కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎంతుందో కనిపెట్టుకుని ఉంటుంది. తగ్గిందనిపిస్తే టీఎస్‌హెచ్ పెంచి థైరాయిడ్‌ను తొందరపెడుతుంది. కాబట్టి టీఎస్‌హెచ్ పెరగడం థైరాయిడ్ వెనకబడిందనడానికి గుర్తు. పెద్దవాళ్ళలో సుమారు 0.4 నుంచి 4.5 వరకు మామూలు. ల్యాబ్‌ను బట్టి కొద్దిగా తేడా ఉంటుంది. టీఎస్‌హెచ్ పెరిగి, ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే టీ4) తగ్గితే అది స్పష్టమైన హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ లోపం. టీఎస్‌హెచ్ పెరిగినా టీ4 ఇంకా మామూలుగానే ఉంటే దాన్ని సబ్‌క్లినికల్ దశ అంటారు.

ఇక్కడ పిట్యూటరీ ఆరోగ్యంగా ఉందని ముందే అనుకుంటున్నాం. ఆ గ్రంథే దెబ్బతింటే ఈ లెక్క మొత్తం తలకిందులవుతుంది. లో బీపీ దగ్గర మళ్ళీ ఈ విషయానికి వస్తాను.

థైరాయిడ్ మందగించడానికి ఒకప్పుడు మన దేశంలో అయోడిన్ కొరతే పెద్ద కారణం. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది, ఆ తర్వాత అయోడిన్ కలిపిన ఉప్పు ఇంటింటికీ చేరింది. ఇప్పుడు పెద్దవాళ్ళలో ముఖ్య కారణం హషిమోటో వ్యాధి. 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమోటో దీన్ని మొదట వర్ణించారు. మన రోగనిరోధక శక్తే మన థైరాయిడ్ మీద దాడి చేయడం ఇందులో జరిగేది. ఒక అవయవం మీద ఇలా దాడి జరిగే మనిషిలో మరో అవయవం మీద కూడా జరిగే అవకాశం కొంత ఎక్కువ. బీ12 లోపానికీ, లో బీపీకీ సంబంధించిన ముడులు కొన్ని ఇక్కడే పడతాయి.

సంబంధం లేకపోయినా కలిసి కనిపిస్తాయి

2013లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో ఐదు వేల మందికి పైగా పెద్దవాళ్ళను పరీక్షించింది. దాదాపు 11 శాతం మందిలో హైపోథైరాయిడిజం కనిపించింది. మరోవైపు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత దేశం మొత్తం మీద 57 శాతం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో కూడా ఇంచుమించు అంతే.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూద్దాం. వందమంది స్త్రీలలో 11 మందికి థైరాయిడ్ లోపం ఉందనుకుంటే, ఆ రెండు జబ్బులకూ ఏ సంబంధమూ లేకపోయినా, ఆ 11 మందిలో ఆరుగురికి రక్తహీనత ఉండనే ఉంటుంది. డి విటమిన్ సంగతీ అంతే. తిరుపతి ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మీద జరిగిన అధ్యయనం 2007లో వెలువడింది. ఎండ మండిపోయే ఆ ప్రాంతంలోనూ డి విటమిన్ లోపం విస్తారంగా ఉందని, తిండిలో కాల్షియం తక్కువని అందులో తేలింది.

అందుకని రిపోర్టులో ప్రతి ఎర్ర అంకె దగ్గరా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది థైరాయిడ్ వల్ల వచ్చిందా? ఇదే థైరాయిడ్‌కు, దాని మందుకు అడ్డుపడుతోందా? లేక రెంటికీ సంబంధం లేదా? ఒక్కో పోషకానికి ఒక్కో జవాబు వస్తుంది.

ఐరన్: రెండు వైపులా నడిచే సంబంధం

ఈ జాబితాలో థైరాయిడ్‌తో అన్నిటికంటే గట్టిగా ముడిపడి ఉన్నది ఐరనే. థైరాయిడ్ హార్మోన్ తయారీలో కీలకమైన ఎంజైమ్ పేరు థైరాయిడ్ పెరాక్సిడేజ్. రిపోర్టుల్లో యాంటీ టీపీఓ అని చూస్తుంటాం కదా, ఆ టీపీఓ ఇదే. ఈ ఎంజైమ్ పని చేయాలంటే దాని మధ్యలో ఐరన్ ఉండాలి. ఐరన్ బాగా తగ్గినప్పుడు అయోడిన్ సరిపడా ఉన్నా హార్మోన్ తయారీ కుంటుపడుతుంది.

ఇక రెండో వైపు. థైరాయిడ్ మందగిస్తే నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంది, దాంతో పాటే ఐరన్ పోతుంది. ఎముక మజ్జ కూడా నెమ్మదించి ఎర్ర కణాల ఉత్పత్తి తగ్గుతుంది. హషిమోటో ఉన్నవాళ్ళలో కొందరికి పొట్ట లోపలి పొర కూడా అదే రకమైన దాడికి గురై, ఆమ్లం తక్కువగా ఊరుతుంది. ఆమ్లం తక్కువైతే తిండిలోని ఐరన్ సరిగా ఒంటబట్టదు. గోధుమ పడని సీలియాక్ వ్యాధి కూడా హషిమోటోతో కలిసి వచ్చే అవకాశం ఉంది. ఎన్ని నెలలు మాత్రలు వాడినా ఫెరిటిన్ పెరగని మనిషిలో ఈ రెండిటినీ అనుమానించాల్సిందే.

ఫెరిటిన్ అంటే ఒంట్లో ఐరన్ నిల్వకు కొలత. పెద్దవాళ్ళలో 15 కంటే తక్కువైతే లోపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. చాలామంది వైద్యులు 30 కిందికి వచ్చినా లోపంగానే చూస్తారు. జుట్టు రాలేవాళ్ళలో ఇంకా పైకి, 50 దాటించాలని, 70 దాటించాలని అనేవాళ్ళూ ఉన్నారు గానీ ఆ వాదనకు ఆధారాలు బలంగా లేవు. ఇంకో చిక్కు ఏమిటంటే, జ్వరం, ఇన్ఫెక్షన్, కీళ్ళవాపు లాంటివి ఉన్నప్పుడు నిల్వలు తక్కువగా ఉన్నా ఫెరిటిన్ పెరిగి కనిపిస్తుంది. అలాంటప్పుడు 60 ఉన్నా నమ్మడానికి లేదు.

రక్తం తక్కువంటే మన ఇళ్ళలో బెల్లం, నువ్వుండలు, గోంగూర, తోటకూర పెడతారు. మంచి తిండే. కాకపోతే మొక్కల నుంచి వచ్చే ఐరన్ కొద్దిగానే ఒంటబడుతుంది. నిమ్మరసం, ఉసిరి, జామ తోడైతే ఎక్కువ పడుతుంది. భోజనంతో పాటు టీ, కాఫీ తాగితే తక్కువ పడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో భోజనానికి ముందూ వెనకా కనీసం గంటసేపు టీ, కాఫీ వద్దన్నది ఇందుకే. ఇదే సంస్థ లెక్కన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. ఫెరిటిన్ 8కి పడిపోయాక తిండి ఒక్కదానితో ఆ లోటు పూడటం కష్టం, మాత్ర అవసరమవుతుంది.

బీ12: మామూలుగా కనిపించే రిపోర్టులో దాగిన లోపం

బీ12 మొక్కల్లో దొరకదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. పూర్తి శాకాహారులకూ, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకూ, ఏళ్ళ తరబడి గ్యాస్ మాత్రలు మింగేవాళ్ళకూ తగ్గుతుంది. వీళ్ళలో చాలామందికి అది థైరాయిడ్‌కు సంబంధం లేని లోపమే. హషిమోటోతో పాటు పొట్ట పొర దెబ్బతిన్న వాళ్ళ సంగతి వేరు. వాళ్ళు రోజూ మాంసం తిన్నా బీ12 లోపలికి వెళ్ళదు. దాన్ని పెర్నీషియస్ అనీమియా అంటారు, ఇంజెక్షన్లు గానీ, పెద్ద డోసు మాత్రలు గానీ ఎక్కువకాలం వాడాల్సి వస్తుంది.

ఐరన్, బీ12 రెండూ తగ్గినప్పుడు రిపోర్టు ఎలా మోసం చేస్తుందో చూద్దాం. ఐరన్ తగ్గితే ఎర్ర కణాలు చిన్నవవుతాయి, వాటి సగటు సైజు చెప్పే ఎంసీవీ 70కి పడవచ్చు. బీ12 తగ్గితే పెద్దవవుతాయి, ఎంసీవీ 105 దాటవచ్చు. రెండూ కలిస్తే సగటు 86 దగ్గర తేలుతుంది. మామూలు పరిధి 80 నుంచి 100 కాబట్టి ఎర్ర అక్షరం పడదు. దీన్ని పట్టించేది పక్కనే ఉండే ఆర్‌డీడబ్ల్యూ. కణాల సైజుల్లో తేడా ఎంతుందో అది చెబుతుంది. అది 19కి పెరిగి ఉంటే లోపల రెండు రకాల కణాలు ఉన్నాయని అనుమానించాలి. ఇలాంటి మనిషికి ఐరన్ మాత్రమే ఇస్తే హిమోగ్లోబిన్ కొంత పెరిగి ఆగిపోతుంది. ఫోలిక్ యాసిడ్ మాత్రమే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది గానీ లోపల నరాలు పాడవుతూనే ఉంటాయి. అరికాళ్ళ తిమ్మిర్లు, నడకలో తూలడం ఆ నరాల నష్టానికి గుర్తులు.

డి విటమిన్, అయోడిన్, సెలీనియం, క్యాబేజీ

డి విటమిన్ తక్కువగా ఉన్నవాళ్ళలో హషిమోటో ఎక్కువగా కనిపిస్తుందన్నది నిజం. అది ఇస్తే హషిమోటో తగ్గుతుందని మాత్రం తేలలేదు. లోపం ఉంటే ఎముకల కోసం సరిచేయాలి, అంతే. వారానికోసారి వేసుకునే 60,000 యూనిట్ల సాచెట్‌ను కొందరు రోజూ వేసుకుంటున్నారు. దానివల్ల రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది.

సెలీనియం అనే ఖనిజాన్ని మాత్రగా వేస్తే టీపీఓ యాంటీబాడీలు (థైరాయిడ్ మీద దాడికి గుర్తుగా రక్తంలో కనిపించేవి) తగ్గుతాయని కొన్ని పరీక్షల్లో కనిపించింది. మనిషికి ఆ తగ్గుదల వల్ల ఏం మేలు జరిగిందన్నది తేలలేదు కాబట్టి అందరికీ రాయరు. అయోడిన్ కలిపిన మామూలు ఉప్పు వాడే ఇంట్లో పైనుంచి అయోడిన్ చుక్కలు, సముద్రపు నాచు మాత్రలు వేసుకుంటే హషిమోటో ముదిరే అవకాశమే ఎక్కువ. ఆరోగ్యానికి మంచిదని పూర్తిగా సైంధవ లవణానికి మారిన ఇళ్ళలో మాత్రం ఇంకో సమస్య. అందులో చాలా రకాలకు అయోడిన్ కలపరు, ప్యాకెట్ మీద చూసుకోవాలి.

క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేయాలా అన్నది అందరూ అడిగే ప్రశ్న. పచ్చిగా, పెద్ద మొత్తంలో, అదీ అయోడిన్ కొరత ఉన్నప్పుడు తింటే అవి థైరాయిడ్‌కు అడ్డుపడతాయి. వండిన కూర వారానికి రెండుసార్లు తింటే మాత్ర వేసుకుంటున్న మనిషికి ఏమీ కాదు. ఈ భయంతో కూరలు తగ్గించుకుని పోషక లోపాలు పెంచుకునేవాళ్ళను చూస్తే బాధగా ఉంటుంది.

మందులే ఒకదానికొకటి అడ్డుపడే చోటు

లోపాలన్నీ తెలిశాక మందులు మొదలవుతాయి. అక్కడ కొత్త చిక్కు. థైరాయిడ్ మాత్ర లీవోథైరాక్సిన్ ఐరన్‌తో గానీ కాల్షియంతో గానీ పొట్టలో కలిస్తే దానికి అంటుకుపోతుంది, రక్తంలోకి వెళ్ళేది తగ్గుతుంది. 1992లో వెలువడిన చిన్న అధ్యయనం ఒకటి ఈ సంగతిని స్పష్టంగా చూపించింది. థైరాయిడ్ మాత్రతో నిలకడగా ఉన్న 14 మందికి అదే సమయంలో ఐరన్ మాత్ర కూడా ఇచ్చారు. 12 వారాల్లో వాళ్ళ సగటు టీఎస్‌హెచ్ 1.6 నుంచి 5.4కి వెళ్ళింది. డోసు మారలేదు, జబ్బు ముదరలేదు. వేసుకునే వేళ కలిసిపోయింది, అంతే. 2000లో 20 మంది మీద కాల్షియంతో జరిపిన పరీక్షలో కూడా మూడు నెలల్లో టీఎస్‌హెచ్ 1.6 నుంచి 2.7కి పెరిగింది.

అందుకే థైరాయిడ్ మాత్రకూ వీటికీ నాలుగు గంటల ఎడం ఉండాలంటారు. గ్యాస్ మాత్ర పొట్టలో ఆమ్లాన్ని తగ్గిస్తుంది కాబట్టి అదీ అడ్డే. మాత్ర వేసుకున్న పది నిమిషాలకే కాఫీ తాగినా అడ్డే. పొద్దున్నే మాత్రతో పాటు రాగి జావ తాగే అలవాటు ఈమధ్య ఎక్కువైంది. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. జావ మంచిదే, మాత్ర వేళకు దూరంగా ఉండాలి.

ఈ చిక్కు అన్నిటికంటే గర్భిణులకు ఎక్కువ. ఐదో నెల గర్భిణి ఒకామెను ఊహించుకుందాం. పీహెచ్‌సీలో రోజూ వేసుకోమని 60 మిల్లీగ్రాముల ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర ఇచ్చారు. కాల్షియం మాత్రలు రోజుకు రెండు ఇచ్చారు. దానికి తోడు థైరాయిడ్ మాత్ర ఉంది. గర్భంలో థైరాయిడ్ అవసరం సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పెరుగుతుంది కాబట్టి అది ఒక్క రోజు కూడా వృథా కాకూడదు. ఐరన్, కాల్షియం కూడా ఒకదానికొకటి పడవు. ఆమె రోజు ఇలా సర్దుకోవచ్చు: పొద్దున 6కి పరగడుపున మంచినీళ్ళతో థైరాయిడ్ మాత్ర, 7 దాటాక కాఫీ, టిఫిన్. 10.30కి నిమ్మరసంతో ఐరన్. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు భోజనంతో ఒక కాల్షియం, రాత్రి భోజనంతో రెండోది. నాలుగు మాత్రలూ వేసుకుంది, ఏదీ దేనికీ అడ్డం రాలేదు.

గర్భిణులు కాని స్త్రీలకు ఇంకో వెసులుబాటు ఉంది. ఐరన్ మాత్ర వేసుకున్న తర్వాత దాదాపు ఒక రోజు పాటు హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, తర్వాతి మాత్రలోని ఐరన్‌ను పేగుల దగ్గరే ఆపేస్తుంది. రోజు విడిచి రోజు వేసుకుంటే ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ ఐరన్ ఒంటబడుతుందని 2017లో వచ్చిన పరిశోధన చూపింది. కడుపులో వికారం, మలబద్ధకం కూడా తగ్గుతాయి. థైరాయిడ్ వల్ల ముందే మలబద్ధకం ఉన్నవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. హిమోగ్లోబిన్ బాగా పడిపోయినవాళ్ళ విషయంలో మాత్రం రోజూ ఇవ్వాలా, సెలైన్‌లో ఎక్కించాలా అన్నది డాక్టర్ నిర్ణయించాల్సిందే.

థైరాయిడ్ తగ్గితే బీపీ తగ్గాలి కదా?

అలా అనుకోవడం సహజం. అన్నీ నెమ్మదించినప్పుడు బీపీ కూడా పడిపోవాలి కదా అనిపిస్తుంది. శరీరంలో జరిగేది వేరు. టీ3 రక్తనాళాల గోడలను వదులుగా ఉంచుతుంది. అది తగ్గితే నాళాలు బిగుసుకుంటాయి. గుండె కొట్టుకునే వేగం, బలం తగ్గుతాయి గనక పై అంకె అంతగా పెరగదు, నాళాల బిగువు వల్ల కింది అంకె మాత్రం పైకి వెళ్తుంది. అందుకని హైపోథైరాయిడిజంలో 124/94 లాంటి బీపీ, నిమిషానికి 58 నాడి కనిపించడం ఆశ్చర్యం కాదు. బీపీ మాత్రలు వాడే మనిషికి థైరాయిడ్ సరిచేశాక కింది అంకె దిగివచ్చి, పాత బీపీ డోసే ఎక్కువైపోయి కళ్ళు తిరిగే సందర్భాలూ ఉంటాయి.

థైరాయిడ్ లోపమే బీపీని కూల్చేయడం ఏళ్ళ తరబడి చికిత్స లేక, మనిషి మగతలోకి, కోమాలోకి జారే స్థితిలో జరుగుతుంది. అది అత్యవసరం, ఇంట్లో కూర్చుని ఆలోచించేది కాదు.

మరి 96/60 సంగతేమిటి? సన్నగా ఉన్న యువతులు చాలామందికి అదే మామూలు బీపీ. ఏ ఇబ్బందీ లేకపోతే అది జబ్బు కాదు. లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్ముతుంటే మాత్రం కొలవాల్సిన పద్ధతి వేరు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడిన మూడు నిమిషాల్లోపు మరోసారి చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే అది నిజమైన తేడా. కూర్చోబెట్టి ఒక్కసారి చూసిన అంకెతో ఇది బయటపడదు.

నాడి కూడా ఒక ఆధారం ఇస్తుంది. బీపీ 96/60, నాడి 104 అంటే రక్తం, నీళ్ళు తక్కువై గుండె పరుగెత్తుతోందని అనుమానం. నెలసరి రక్తస్రావం, విరేచనాలు, వడదెబ్బ, తీవ్రమైన రక్తహీనత ఇందులోకి వస్తాయి. నిలబడినప్పుడు బీపీ పడిపోయినా నాడి దాదాపు పెరగకపోతే, నాళాలను అదుపు చేసే నరాలు దెబ్బతిన్నాయేమో చూడాలి. దీర్ఘకాల షుగర్, బీ12 లోపం రెండూ ఆ పని చేయగలవు. ప్రోస్టేట్ మాత్రలు, ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడుతున్నారా అన్నదీ అడగాలి.

"లో బీపీ కదా, ఉప్పు ఎక్కువ వేసుకో" అనే సలహా ఇంటింటా వినిపిస్తుంది. నిలబడితే బీపీ పడిపోయే కొందరికి వైద్యులే ఉప్పు, నీళ్ళు పెంచమంటారు. కారణం రక్తహీనత అయితే ఉప్పు దాన్ని తీర్చదు. గుండె, కిడ్నీ జబ్బు ఉంటే కీడు చేస్తుంది. కారణం ఇప్పుడు చెప్పబోయేదైతే, ఉప్పుతో సర్దుకుపోవడం వల్ల అసలు జబ్బు ఇంకొన్నాళ్ళు దాక్కుంటుంది.

థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టే ముందు అడ్రినల్ గురించి ఎందుకు ఆలోచించాలి?

కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ తయారుచేస్తాయి. బీపీ నిలబడటానికి అది అవసరం. 1855లో థామస్ అడిసన్ వర్ణించిన అడిసన్ వ్యాధిలో ఈ గ్రంథులు పాడవుతాయి. మన దేశంలో టీబీ కూడా దానికి ఒక ముఖ్య కారణం. హషిమోటో లాగే రోగనిరోధక దాడి వల్ల కూడా వస్తుంది, కొందరిలో రెండూ కలిసే ఉంటాయి.

ఒక ఉదాహరణ. 38 ఏళ్ళ మనిషి, బీపీ 88/56, టీఎస్‌హెచ్ 8. ఇంతవరకే చూస్తే థైరాయిడ్ అనిపిస్తుంది. కానీ ఆయన బరువు పెరగలేదు, ఆరు నెలల్లో ఏడు కిలోలు తగ్గాడు. చిగుళ్ళు, అరచేతి గీతలు నల్లబడ్డాయి. ఉప్పు కోసం నోరు పీకుతోంది, వాంతులవుతున్నాయి. సోడియం తగ్గి 126, పొటాషియం పెరిగి 5.7. ఈ చిత్రం అడిసన్ వ్యాధిది. కార్టిసాల్ లేకపోవడం వల్లే టీఎస్‌హెచ్ కొంత పెరుగుతుంది, కార్టిసాల్ ఇస్తే కొందరిలో థైరాయిడ్ మందు లేకుండానే దిగిపోతుంది. ముందు థైరాయిడ్ మాత్ర ఇచ్చారంటే, అది ఒంట్లో మిగిలిన కాస్త కార్టిసాల్‌ను కూడా త్వరగా ఖర్చు చేయించి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే అనుమానం ఉన్నచోట ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్ చూసి, లోపం ఉంటే స్టెరాయిడ్ (కార్టిసాల్ బదులు ఇచ్చే మందు) ముందు ఇచ్చి, థైరాయిడ్ మందు తర్వాత మొదలుపెడతారు. వేళ్ళ కణుపులు నల్లబడటం బీ12 లోపంలో కూడా ఉంటుంది గనక నలుపు ఒక్కదాన్నే పట్టుకుని భయపడనక్కర్లేదు. బరువు, సోడియం, వాంతులు కలిపి చూడాలి.

కీళ్ళ నొప్పులకో, ఆయాసానికో నెలల తరబడి స్టెరాయిడ్ వాడి ఒక్కసారిగా మానేసినవాళ్ళలోనూ అడ్రినల్ పని చేయదు. పేరులేని పొడుల్లో, గుళికల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మే వ్యాపారం ఉంది కాబట్టి, వాడుతున్నామని తెలియకుండానే వాడి ఉండవచ్చు.

ఇప్పుడు పిట్యూటరీ సంగతి. కాన్పులో విపరీతంగా రక్తం పోయిన కొందరు తల్లుల్లో పిట్యూటరీకి రక్తం అందక అది దెబ్బతింటుంది. దీన్ని షీహాన్ సిండ్రోమ్ అంటారు. కాన్పు తర్వాత పాలు పడవు, నెలసరి తిరిగి రాదు, ఏళ్ళ తరబడి నీరసం, లో బీపీ, రక్తహీనత ఉంటాయి. "బాలింత నీరసం" అని ఇంట్లో వదిలేస్తారు. ల్యాబ్‌కు వెళ్ళి టీఎస్‌హెచ్ ఒక్కటే చేయిస్తే 2.1 అని వస్తుంది. థైరాయిడ్ మామూలే అంటారు. అదే రక్తంలో ఫ్రీ టీ4 చూస్తే 0.5, మామూలుగా ఉండాల్సిన 0.8 కంటే తక్కువ. థైరాయిడ్‌ను తొందరపెట్టాల్సిన గ్రంథే పడిపోయాక టీఎస్‌హెచ్ పెరిగే దారి లేదు. ఈమెకూ కార్టిసాల్ ముందు, థైరాయిడ్ తర్వాత.

ఈ రెండు జబ్బులూ అరుదే. లో బీపీ, థైరాయిడ్ ఉన్న వందల మందిలో ఏ ఒక్కరికో ఉండేవి. ఇంటర్నెట్‌లో చెప్పే "అడ్రినల్ అలసట" వేరే విషయం, ఎండోక్రైన్ నిపుణుల సంఘాలు దాన్ని జబ్బుగా గుర్తించవు. నిజమైన అడ్రినల్ లోపాన్ని రక్తపరీక్షలో నిర్ధారించవచ్చు.

టీఎస్‌హెచ్ 7.8కి మందు వేయాలా? భిన్నాభిప్రాయాలు

మొదట చెప్పిన రిపోర్టుకు తిరిగొద్దాం. టీ4 మామూలుగా ఉందనుకుందాం. అంటే సబ్‌క్లినికల్ దశ. కొందరు వైద్యులు ముందు ఐరన్, బీ12 సరిచేసి, రెండు మూడు నెలల తర్వాత టీఎస్‌హెచ్ మళ్ళీ చూద్దామంటారు. వాళ్ళ వాదనకు బలం ఉంది. ఐరన్ లోపమే టీఎస్‌హెచ్‌ను కొంత పెంచి ఉండవచ్చు, పైగా ఈ దశలో చాలామందికి అంకె దానంతటదే దిగుతుంది. 65 దాటిన 737 మంది మీద జరిగిన పెద్ద పరీక్ష 2017లో వెలువడింది. సబ్‌క్లినికల్ దశలో మాత్ర ఇచ్చినవాళ్ళకూ ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్ళకూ నీరసంలో తేడా కనిపించలేదు.

రెండో వర్గం వాదన కూడా కొట్టిపారేసేది కాదు. టీపీఓ యాంటీబాడీలు ఎక్కువగా ఉంటే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ. రక్తహీనతతో పాటు ఈ దశ ఉన్నవాళ్ళకు ఐరన్ ఒక్కటే ఇచ్చినప్పటి కంటే థైరాయిడ్ మాత్ర కలిపి ఇచ్చినప్పుడు హిమోగ్లోబిన్ ఎక్కువ పెరిగిందని టర్కీలో జరిగిన చిన్న అధ్యయనం చెబుతోంది. గర్భం కోసం ప్రయత్నిస్తున్న స్త్రీ అయితే చాలామంది వైద్యులు ఆగరు. టీఎస్‌హెచ్ 10 దాటితే రెండు వర్గాలకూ పెద్దగా తేడా లేదు, ఎక్కువమంది మందు వైపే మొగ్గుతారు. నా మటుకు, 30 ఏళ్ళ స్త్రీకి ఫెరిటిన్ 8 ఉన్నప్పుడు ఆ నీరసానికి మొదటి అనుమానితుడు 7.8 టీఎస్‌హెచ్ కంటే ఐరన్ లోపమే.

హిమోగ్లోబిన్ బాగా తక్కువగా ఉన్నప్పుడు థైరాయిడ్ మాత్ర పెద్ద డోసుతో మొదలుపెడితే కొందరికి గుండెదడ వస్తుంది. రక్తం పలచగా ఉండి ముందే కష్టపడుతున్న గుండెను మందు ఇంకా పరుగెత్తిస్తుంది. "నాకు థైరాయిడ్ మాత్ర పడదు" అనేవాళ్ళలో కొందరి అసలు సమస్య ఇదే. ఐరన్ నిండాక అదే మాత్ర పడుతుంది.

మళ్ళీ పరీక్ష ఎప్పుడు?

అన్నీ ఒకే వేగంతో మారవు. టీ4 రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు ఏడు రోజులు పడుతుంది, అందుకే డోసు మార్చాక టీఎస్‌హెచ్ కుదుటపడటానికి 6 నుంచి 8 వారాలు ఆగాలి. రెండు వారాలకే చూసి డోసు మార్చేస్తే లెక్క తప్పుతుంది. ఐరన్ సరిగా ఒంటబడుతుంటే హిమోగ్లోబిన్ నెలకు ఒకటో రెండో పాయింట్లు పెరుగుతుంది. అది మామూలుకు వచ్చాక కూడా నిల్వలు నిండటానికి సుమారు మూడు నెలలు మాత్ర కొనసాగిస్తారు. అక్కడే చాలామంది మానేస్తారు, ఏడాది తిరిగేసరికి ఫెరిటిన్ మళ్ళీ పడిపోతుంది. బీ12 తిమ్మిర్లు తగ్గడానికి నెలలు పడుతుంది. జుట్టు అన్నిటికంటే ఆలస్యం, ఆరు నెలలైనా చూడాలి.

ఆ ఆరు నెలలు ఆగలేక జుట్టు కోసం బయోటిన్ మాత్రలు మొదలుపెట్టేవాళ్ళు ఎక్కువ. రోజుకు 5 నుంచి 10 మిల్లీగ్రాముల బయోటిన్ చాలా ల్యాబ్‌ల పరీక్షా విధానాన్నే తారుమారు చేస్తుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, ఫ్రీ టీ4 ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి. డోసు తక్కువైన మనిషికి ఎక్కువైందని రిపోర్టు వస్తుంది, ఆ రిపోర్టు చూసి డోసు ఇంకా తగ్గిస్తారు. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపి, అది వాడుతున్న సంగతి డాక్టర్‌కు చెబితే ఈ పొరపాటు జరగదు.